కోడలు వేసిన పెనాల్టీ

సోమవారం పొద్దున కాఫీ కప్పు టేబుల్ మీద పడ్డ చప్పుడుకే ఇంట్లో అందరికీ అర్థమైపోయింది, అత్తగారి కోపం రాత్రి నిద్రతో దిగలేదని. కొడుకు కప్పు మెత్తగా పెట్టింది. మనవరాలి పాలగ్లాసు అంతకంటే మెత్తగా పెట్టింది. కోడలి కప్పు మాత్రం ఠంగుమంది, సగం కాఫీ సాసర్లోకి ఒలికింది.

"అత్తయ్యా, చక్కెర వేశారా?" అంది కోడలు.

అత్తగారు మనవరాలి వైపు తిరిగింది. "గువ్వా, చక్కెర డబ్బా ఎక్కడుంటుందో మీ అమ్మకు తెలుసు కదూ? ఈ ఇంటికి కొత్తగా ఏం రాలేదుగా."

"అమ్మ నీ పక్కనే కూచుంది బామ్మా. నువ్వే చెప్పు" అంది గువ్వ, నోటినిండా రొట్టె పెట్టుకుని.

కొడుకు తల పట్టుకున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా అద్దాలు సానపట్టే మనిషి, చిన్న గీతను కూడా కనిపెట్టే కళ్ళు. ఇంట్లో ఈ ఇద్దరి మధ్య పడ్డ గీత మాత్రం ఎలా చెరపాలో అతనికి తెలియలేదు. "అమ్మా, అదొక ఆట. ఆట అయిపోయింది" అన్నాడు.

"నీకేం తెలుసురా! ఏడాది కష్టం ఐదు సెకన్లలో తుడిచిపెట్టుకుపోయింది" అంది అత్తగారు. అన్నది కొడుకుతో, చూసింది గోడవైపు, తగలాల్సింది కోడలికి.

కోడలు లేచి చక్కెర వేసుకుంది. కళ్ళకింద నల్లగా ఉంది. అత్తగారు అది చూసింది, చూడనట్టు ఊరుకుంది.

కారు రేసుల పిచ్చి ఆవిడకు మొదటినుంచీ ఉన్నది కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, రిటైరయ్యాక ఇల్లే లోకం. భర్త పోయినప్పుడు నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదు. గోడకానుకుని అలా కూచునేది. అప్పుడు కోడలే ఒక ఆదివారం చెయ్యిపట్టుకు తీసుకొచ్చి టీవీ ముందు కూచోబెట్టింది. వాహనాల తనిఖీ ఆఫీసులో పనిచేసే కోడలికి ఇంజన్లంటే ప్రాణం. "ఆ నీలం కారు చూడండి అత్తయ్యా, టైర్లు అరిగిపోయినా ఎలా నెట్టుకొస్తున్నాడో" అని ఒక్కొక్కటే చెప్పింది. ఆ నీలం కారు కుర్రాణ్ణి జనం సుడిగాలి అని పిలుస్తారు. ఊరి చివర రేసు ట్రాకు దగ్గరే పుట్టి పెరిగినవాడు. చివరి వరసలో మొదలెట్టి ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ ముందుకొస్తుంటే, అన్ని నెలల తర్వాత అత్తగారు నోరు తెరిచి మొదటి మాట అంది: "వాడు గెలవాలే అమ్మాయ్." అది విని కోడలు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

తర్వాత్తర్వాత కోడల్ని రేసు నిర్వాహకులు స్టీవార్డుగా పిలిచారు. అంటే క్రికెట్‌కి అంపైర్ల లాగన్నమాట. రేసుకు ముగ్గురుంటారు. డ్రైవర్లు తప్పు చేస్తే విచారించి శిక్ష వేస్తారు. నిన్న, ఏడాదిలో ఆఖరి రేసు. సుడిగాలి గెలిస్తే చాంపియన్. ముగింపుకి కాస్త ముందు ఒక మలుపులో ప్రత్యర్థిని దాటాడు, ముందుగా గీత దాటాడు, కారు మీదెక్కి చేతులూపాడు. అత్తగారు సోఫా ఎక్కినంత పనిచేసింది. అంతలోనే టీవీలో అక్షరాలు వచ్చాయి. పసుపు జెండా ఊపుతుండగా దాటినందుకు ఐదు సెకన్ల పెనాల్టీ. ఆ ఐదు సెకన్లూ కలిపితే రేసూ పోయింది, చాంపియన్‌షిప్పూ పోయింది. ఎండ ఎదురుగా కొడుతోంది, జెండా వాడికెలా కనబడుతుందని ఊరు ఊరంతా గగ్గోలు. శిక్ష కాగితం మీద ముగ్గురి పేర్లూ ఉన్నాయి. అందులో ఒకటి ఈ ఇంటి కోడలిది.

రాత్రి కోడలు గుమ్మంలో చెప్పులు విప్పకముందే అత్తగారు అడిగేసింది. "ఎందుకు చేశావే?"

"పై కమిటీకి అప్పీలు వెళ్ళింది అత్తయ్యా. తేలేదాకా బయట మాట్లాడకూడదు."

"నేను బయటదాన్నా?"

కోడలు జవాబు చెప్పేలోపే అత్తగారు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మంచం మీద కూచుని ఫోను తీసింది. సుడిగాలి అభిమానుల గుంపొకటి ఉంది అందులో, వేలమంది. అందరికీ ఆవిడ బామ్మగారే. ఆవిడ మాటలు రికార్డు చేసి పెడితే చాలు, పిల్లలందరూ చప్పట్ల బొమ్మలు కురిపిస్తారు. కడుపులో ఉన్నదంతా ఆ గుంపులో కక్కేసింది. కక్కాక హాయిగా నిద్రపట్టింది.

*

కొడుకు గువ్వను బడిలో దింపి దుకాణానికి వెళ్ళిపోయాడు. కోడలు సెలవు పెట్టింది. హాల్లో పరదాలు వేసి, ఫోను బోర్లించి పెట్టి కూచుంది. అది ఆగకుండా గుర్రుగుర్రుమంటూనే ఉంది.

అత్తగారు పప్పు డబ్బాలు సర్దుతుండగా ఆవిడ ఫోను మోగింది. కొత్త నంబరు.

"హలో, ఎవరూ?"

అవతల ఊపిరి వినిపించింది. ఎవరో నవ్వాపుకుంటున్నట్టు. తర్వాత మగగొంతు, మెత్తగా: "బామ్మా, కోడలు లేచిందా?"

"ఎవరు నాయనా నువ్వు?"

"రమ్మన్నావుగా. వస్తున్నాం."

ఫోను పెట్టేశారు. అత్తగారికి రాత్రి తనేం మాట్లాడిందో మాట మాటా గుర్తుంది. 'ఏం చెప్పను నాయనా, ఆ ముగ్గురిలో ఒకతె నా కోడలే. రేపటికి ముందే సెలవు పెట్టుకుంది, తీరిగ్గా ఇంట్లోనే ఉంటుంది. నేనడిగితే చెప్పదట. మీరే వచ్చి అడగండి.' అప్పుడది ఒట్టి ఉక్రోషం. ఇప్పుడు మరోనోట వింటే అదే మాట కత్తిలా ఉంది.

గబగబా గుంపు తెరిచి తన మాటల్ని చెరిపేసింది. చెరిపేసి లాభమేముంది? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. కింద ఎవరో ఆవిడ పాత ఫోటో పెట్టారు. నీలం కండువా వేసుకుని ఇంటి గేటు ముందు నిలబడి పోయిన నెల తీయించుకున్నది. వెనక గోడమీద ఇంటి నంబరు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. దానికి ఎవరో ఎర్రటి చుట్టు చుట్టారు.

"ఎవరత్తయ్యా ఫోను?" హాల్లోంచి కోడలు.

"రాంగ్ నంబరు" అంది అత్తగారు.

గంట మోగింది. తలుపు సందులోంచి చూస్తే పార్సిలు సంచులతో డెలివరీ అతను. పాతికమందికి సరిపడా తిండి ఆర్డరిచ్చారట, ఈ ఇంటి పేరు మీద. అతన్ని సర్దిచెప్పి పంపేలోపు ఇంకొకతను. ఆ తర్వాత పిలవని టాక్సీ. కోడలు ఒక్కొక్కరికీ నెమ్మదిగా చెప్పి పంపుతోంది. వాళ్ళ తప్పేం లేదని ఆమె గొంతులోనే తెలుస్తోంది.

ఆపైన అంబులెన్సు వచ్చి ఆగింది.

ఇద్దరు మనుషులు స్ట్రెచర్ దించుతూ, "ఇంట్లో పెద్దావిడ పోయిందని ఫోనొచ్చింది. ఎక్కడున్నారు?" అన్నారు.

కోడలు వెనక్కి తిరిగి అత్తగారిని చూసింది. అత్తగారు గడప దగ్గర గోడపట్టుకుని నిలబడి ఉంది. తన చావు కబురు తనే విన్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"బాగానే ఉన్నారు. ఎవరో వేళాకోళం చేశారు" అంది కోడలు. అంబులెన్సు వెళ్ళాక తలుపేసి, గడియ పెట్టి, దానికే వీపానించి నిలబడింది. "అత్తయ్యా, వీళ్ళకి మన ఇల్లు తెలిసిపోయింది. కాగితం మీద నా పేరుంది గానీ అడ్రసు లేదు. ఎలా తెలిసిందో!"

చెప్పడానికి అదే సమయం. మాట అత్తగారి నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

కోడలు పోలీసులకు ఫోను చేసింది. "పంపిస్తాం" అన్నారు, చెట్టు కొమ్మ విరిగిపడిందని చెబితే అన్నట్టు. ఫోను ఇంకా చేతిలో ఉండగానే మెసేజి వచ్చింది. అది తెరిచిన కోడలి నోట్లోంచి వచ్చిన చప్పుడు అరుపూ కాదు, ఏడుపూ కాదు. అలాంటి చప్పుడు అత్తగారు ఆ ఇంట్లో ఎన్నడూ వినలేదు.

బడి గేటు ఫోటో అది. గేటు ముందు గువ్వ. రెండు జడలు, పచ్చ సంచి. కింద రాసి ఉంది: 'జడలు బాగున్నాయి. బడి ఎన్నింటికి వదుల్తారు?'

"ఏవండీ!" కోడలు ఫోనులో అరుస్తోంది. "అన్నీ వదిలేసి బడికి వెళ్ళండి. ఇప్పుడే. ఎందుకని అడక్కండి, గువ్వ... గువ్వను ఎవరో ఫోటో తీశారు, బడి బయటే ఉన్నారు, వెళ్ళండి!"

బడికి ఫోను చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. చెప్పులు వేసుకుంది, తాళాలు తీసింది, తలుపు తీయబోయి ఆగింది. వీధిలో మోటారు సైకిళ్ళు ఆగుతున్న చప్పుడు, నవ్వులు, ఎవరో ఈల. పరదా అంచు తొలగించి చూసింది. నీలం చొక్కాలు. పది, పదిహేను, ఇంకా వస్తున్నారు.

"వెనక గోడ దూకుతాను" అంది కోడలు. మనిషి మనిషిలా లేదు. "నా కూతురు అత్తయ్యా. వాళ్ళు నా కూతురి దగ్గర నిలబడి ఉన్నారు."

అత్తగారు కోడలి చేతిలోంచి కింద పడ్డ ఫోను తీసింది. ఫోటో చూసింది. మళ్ళీ చూసింది. మూల ఒక మసక మచ్చ ఉంది, బొటనవేలు అడ్డుపడ్డట్టు. సాయంత్రపు ఎండ గువ్వ ఎడమ చెంప మీద పడుతోంది. ఆ బొటనవేలు తనది. ఆ ఫోటో పోయిన వారం బడి వదిలాక తనే తీసింది. 'మా గువ్వ కూడా సుడిగాలి అభిమానే' అని మురిసిపోతూ గుంపులో పెట్టింది.

అంటే ఇవాళ బడి దగ్గర ఎవరూ లేకపోవచ్చు. ఆ ఒక్క మాట చెబితే ఈ తల్లికి పోతున్న ప్రాణం నిలబడుతుంది. చెబితే తన పరువు, ఈ ఇంట్లో తన చోటు, కోడలి దృష్టిలో తన విలువ అన్నీ పోతాయి. చెప్పకపోయినా కొడుకు ఎలాగూ పిల్లను తెస్తాడు కదా అని మనసు ఒక్క క్షణం దొంగదారి చూసింది. కోడలు వంటింటి వెనక తలుపు గడియ లాగుతోంది. గోడవతల కూడా గొంతులు వినిపిస్తున్నాయి.

"ఆగవే!" అంది అత్తగారు. "వెళ్ళకు. ఆ ఫోటో ఇవాళ్టిది కాదు. నేను తీసింది."

కోడలు తిరిగింది.

"పోయిన వారంది. నేనే గుంపులో పెట్టాను. ఇదిగో, ఇది నా వేలు. రాత్రి... రాత్రి నువ్వు ఇంట్లో ఉంటావని కూడా నేనే చెప్పాను. వచ్చి అడగమని నేనే అన్నాను." వంటింటి నేల మీదే కూలబడింది. "ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఆ చేటు నేనే తెచ్చానే తల్లీ."

కోడలు కేకలు వేస్తుందనుకుంది. ఎందుకు పుట్టావని తిడుతుందనుకుంది. అలా చేస్తే బాగుండేది. కోడలు ఆవిడకెదురుగా నేలమీద కూచుని, నిన్న డ్రైవర్లను ఏ గొంతుతో అడిగి ఉంటుందో ఆ గొంతుతో అడిగింది.

"గువ్వ పేరు చెప్పారా?"

"గువ్వ అనే అన్నాను. అసలు పేరు చెప్పలేదు."

"బడి పేరు?"

"ఫోటోలో గేటు మీద ఉంది."

"ఎన్నింటికి వదుల్తారో?"

అత్తగారు తల వంచుకుంది. "ఎండలో నిలబడి ఎదురుచూస్తున్నానని ఒకసారి... చెప్పాను."

"మీ అబ్బాయి దుకాణం?"

"లేదు. ఒట్టు. అది చెప్పలేదు."

"సరే" అంది కోడలు. ఆ 'సరే'లో ఏమీ లేదు, కోపం కూడా. లేచి ఫోను తీసింది. "ఏవండీ, గువ్వను తీసుకుని ఇంటికి రాకండి. దుకాణంలోనే ఉంచండి. షట్టరు దించండి. ...తర్వాత చెబుతాను. అందగానే ఒక్క ఫోను చెయ్యండి."

అప్పుడే బయట స్పీకరులోంచి ఒక గొంతు వీధంతా మారుమోగింది. 'ఏం చెప్పను నాయనా, ఆ ముగ్గురిలో ఒకతె నా కోడలే...' పెట్టిందే పెడుతున్నారు. 'మీరే వచ్చి అడగండి' అన్నచోట అందరూ కలిసి "వచ్చాం బామ్మా!" అని అరుస్తున్నారు. అత్తగారు చెవులు మూసుకుంది. చేతుల్లోంచి కూడా తన గొంతే.

ముందు గది కిటికీ అద్దం భళ్ళుమంది.

కోడలు అత్తగారి రెక్కపట్టుకుని లేపింది. "స్నానాలగదిలోకి పదండి. అక్కడ వీధివైపు కిటికీ లేదు."

*

స్నానాలగదిలో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. బోర్లించిన బకెట్టు మీద అత్తగారు, గుమ్మానికి అడ్డంగా నేలమీద కోడలు. ఫోను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. మోగదే! బయట గేటు ఊపుతున్న చప్పుడు. ఇంకో అద్దం పగిలింది. ఎవరో కోడలి పేరు పెట్టి బూతు అరిచారు. పదిమంది అందుకున్నారు.

ఆ గొంతుల్లో కొన్ని అత్తగారికి తెలుసు. రోజూ ఫోనులో 'గుడ్ మార్నింగ్ బామ్మా' అనే గొంతులు. ఒకడు మొన్న వాళ్ళమ్మకు ఆపరేషనని చెప్పుకుని ఏడ్చాడు. తనే ధైర్యం చెప్పింది. ఆ గొంతే ఇప్పుడు "తలుపు పగలగొట్టండ్రా" అంటోంది. అన్నిటికంటే అదే ఆవిడకు ఎక్కువ భయం వేసింది. ముక్కూ మొహం తెలియని రాక్షసులెవరో వచ్చారనుకుంటే కొంత నయం. వీళ్ళు తనకు తెలిసిన పిల్లలు.

"వాళ్ళు లోపలికొస్తే నేను ముందు నిలబడతాను" అంది అత్తగారు. "నన్నేం చెయ్యరు."

"ఇందాక మీకే అంబులెన్సు పంపారు అత్తయ్యా."

అత్తగారు కుళాయి బిగించింది. చుక్కలు మాత్రం ఆగలేదు.

కోడలు మోకాళ్ళ మీద తల పెట్టుకుని, నేలతో చెబుతున్నట్టు మొదలెట్టింది. "పైవాళ్ళు ఎప్పుడు చెబుతారో తెలీదు. మీరు మాత్రం ఇప్పుడు వినండి. ఆ మలుపు దగ్గర అంతకుముందే ఒక కారు గోడకి గీసుకుంది. ముక్కొకటి ఊడి ట్రాకు మీద పడింది. జెండాలూపే వాళ్ళలో ఒకతను దాన్ని తీయడానికి పరుగెత్తుకెళ్ళాడు. అందుకే పసుపు జెండా. మనిషి ట్రాకు మీద ఉన్నాడు, ఎవర్నీ దాటకండి, నెమ్మదించండి అని దానర్థం."

"మనిషా? టీవీలో మాకెవరూ కనబడలేదే."

"టీవీవాళ్ళ కెమెరా అటువైపు లేదు. సుడిగాలి కారులో ఉన్న కెమెరాలో మాకు కనబడింది. అతను ముక్క ఎత్తుకుని లేస్తున్నాడు. సుడిగాలి దాటడానికి పక్కకి తిప్పాడు. చక్రం..." కోడలు అరచెయ్యి చాపి, మళ్ళీ ముడిచేసింది. "ఇంత దూరం. అతని టోపీ ఎగిరిపోయింది. ఆ జెండా కుర్రాడు ముక్క పట్టుకుని అలాగే కూలబడిపోయాడు, లేవలేకపోయాడు. మళ్ళీ మళ్ళీ వేసి చూశాం. మాలో ఒకాయన, ఎండ కదా, చాంపియన్‌షిప్పు కదా, రేపు ఆలోచిద్దాం అన్నాడు. నేనే ఒప్పుకోలేదు. బయట అరుస్తున్నారే, నేనే వేశానని. నిజమే. నేనే పట్టుబట్టి వేశాను."

"దెబ్బ తగిలిందా ఆ పిల్లాడికి?"

"లేదు. బతికాడు కాబట్టే ఎవరికీ తెలీదు. చచ్చిపోయుంటే ఇవాళ నా మీద రాళ్ళు పడేవి కావు." కోడలు తల ఎత్తింది. "నాకు మాత్రం ఇష్టమా అత్తయ్యా? వాడు గెలవాలని నేను కోరుకోలేదా? మిమ్మల్ని వాడి ముందు కూచోబెట్టింది నేను కాదూ? సంతకం పెడుతుంటే మీరే గుర్తొచ్చారు. ఇంటికెళ్ళి మీ మొహం ఎలా చూడాలా అనుకున్నాను."

అత్తగారు బకెట్టు మీంచి జారి నేలమీదికొచ్చింది. ఏడుపు రాలేదు. భయంలో ఏడుపు కూడా ఎండిపోతుందని అప్పుడే తెలిసింది. కోడలి చల్లటి పాదాలు తన ఒళ్ళోకి తీసుకుని చీరచెంగు కప్పింది. కోడలు లాక్కోలేదు. దగ్గరికీ జరగలేదు.

ఫోను మోగింది.

ఇద్దరి చేతులూ ఒకేసారి దానిమీద పడ్డాయి. "దొరికింది" అన్నాడు కొడుకు, రొప్పుతూ. "నా దగ్గరే ఉంది. ఎవరో మామయ్యనని చెప్పి ఫోను చేసి పిల్లను బయటికి పంపమన్నారట. టీచరుకు అనుమానమొచ్చి స్టాఫ్ రూములో తనపక్కనే కూచోబెట్టుకుంది. ఫోనుల మీద ఫోనులట, అందుకే లైను దొరకలేదు."

కోడలు మాట్లాడలేక ఫోను అత్తగారికిచ్చింది. "గువ్వ ఏం చేస్తోందిరా?" అంది అత్తగారు.

"కళ్ళ పరీక్ష బోర్డు మీద అక్షరాలు చదువుతోంది. ఆఖరి వరస కూడా చదివేశానని గొప్పలు పోతోంది. అమ్మా, మీరిద్దరూ బాగానే ఉన్నారా? అమ్మా?"

అప్పుడొచ్చింది ఏడుపు. ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఎవరి భుజం మీద ఎవరు పడ్డారో తెలియలేదు. బయట పోలీసు బండి కూత వినబడేసరికి కూడా అలాగే ఉన్నారు.

*

గుంపు చెదిరింది. నలుగుర్ని బండెక్కించారు. ముందుగదినిండా గాజుపెంకులు, వాటిమధ్య ఒక నీలం కండువా. పోలీసతను వంగిపోయిన గేటును చూసి, "కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్ళండమ్మా. మళ్ళీ రారని నేను చెప్పలేను" అన్నాడు.

కోడలి అక్కగారి ఇంటికి వెళ్దామనుకున్నారు. కోడలు పెట్టె సర్దింది. అత్తగారు మంచం మీద కదలకుండా కూచుంది.

"నేను రాను. మీరు ముగ్గురూ వెళ్ళండి. నేనున్నచోటికి మళ్ళీ ఏదో ఒకటి వస్తుంది. చేసిన తప్పుకి ఒంటరిగా ఉండటమే నాకు సరి."

కోడలు పెట్టె మూత వేసి, ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. "మీ మీద కోపం పోలేదు అత్తయ్యా. ఇవాళ పోదు. రేపు కూడా పోతుందో లేదో తెలీదు. నా కూతురి ఫోటో చూసిన ఆ క్షణాన్ని నేను మర్చిపోలేను. ఆ గుంపులోంచి మీరు బయటికి రావాలి. గువ్వ ఫోటో ఇంకెప్పుడూ ఎక్కడా పెట్టకూడదు."

"పెట్టను."

"వెనక తలుపు తీయబోతుంటే ఆపారు. ఆపకపోతే వాళ్ళ చేతిలో పడేదాన్ని. అదీ మర్చిపోను." చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళముందు పెట్టింది. "శిక్ష ఎంతో నేను చెబుతాను. మీకు మీరు వేసుకోకండి. లేవండి, మిమ్మల్నొదిలి ఈ గడప దాటను."

ఆ ఏటి చలి తగ్గేదాకా అక్కగారింట్లోనే ఉన్నారు. అత్తగారు మెట్లమీద అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడేది. కోడలు ఫోను మోగితే చేతిలో గిన్నె వదిలేసేది. గువ్వ మాత్రం కొత్త బడిలో స్నేహితుల్ని సంపాదించుకుంది. మొదట్లో అత్తాకోడళ్ళ మధ్య మాటలు లెక్కపెట్టినట్టుండేవి. ఒకరోజు అత్తగారు ఉప్పు మర్చిపోయిన కూర తిని, "అత్తయ్యా, దీనికి కూడా అప్పీలుంటుందా?" అంది కోడలు. వాళ్ళక్క కంగారుపడి చూసింది. అత్తగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

పై కమిటీ అప్పీలు కొట్టేశాక నిర్వాహకులు సుడిగాలి కారు కెమెరా దృశ్యాన్ని బయటపెట్టారు. ఊరంతా చూసింది. కొందరు సిగ్గుపడ్డారు. కొందరు అది కూడా అబద్ధమే అన్నారు. చాలామంది అప్పటికి ఇంకో గొడవలో పడిపోయారు. అత్తగారు ఒక్కతే కూచుని ఆ దృశ్యం చూసింది. ఎగిరిన టోపీ, దానికింద గువ్వకంటే పదేళ్ళు పెద్దవాడేమో అనిపించే మొహం. ఒక్కసారే చూసింది. మళ్ళీ వెయ్యలేదు.

వాళ్ళు సొంత ఇంటికి తిరిగొచ్చిన వారానికి కోడలికి ఫోనొచ్చింది. కొత్త ఏడాది మొదటి రేసుకి స్టీవార్డుగా రమ్మని. ఆలోచించుకుని చెబుతానని పెట్టేసి, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారి పక్కకొచ్చి నిలబడింది. విషయం చెప్పింది.

"వెళ్ళు" అంది అత్తగారు, కత్తి ఆపకుండా.

"భయంగా ఉంది అత్తయ్యా."

కత్తి ఆగింది. అత్తగారు కొత్తగా వేయించిన కిటికీ అద్దం వైపు చూసింది. వీధిలో ఎవరో మోటారు సైకిలు మీద వెళుతున్నారు. ఆ చప్పుడు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టే ఉన్నారు.

"నాకూ భయంగానే ఉంది" అంది అత్తగారు. "నేనూ గువ్వా తలుపు గడియ వేసుకుని కూచుంటాం. నువ్వు వెళ్ళు. మళ్ళీ ఎవడో ఒకడు ఏదో ముక్క తీయడానికి ట్రాకు మీదికి పరుగెత్తాలి కదా."